వియన్నాలో మొదటి రోజు ఒక్కరే తిరగాలంటే

ముందు ఒక మాట: దిగిన రోజుకి ఏ ప్యాలెస్‌కీ, ఏ మ్యూజియానికీ టైమ్ రాసి ఉన్న టికెట్ కొనకండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం రెండింటికి ఒక ప్యాలెస్ టికెట్ బుక్ చేసుకున్నాను. ఫ్లైట్ ఆలస్యమైంది, సూట్‌కేసు లాక్కుంటూ, టెన్షన్ పడుతూ పరుగెత్తినా ఆ టైమ్ దాటిపోయింది. డబ్బులు పోయినందుకు కాదు, అంత అందమైన ఊళ్ళో మొదటి మూడు గంటలు ఫోన్‌లో గడియారం తప్ప ఏమీ చూడలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ష్యోన్‌బ్రున్ ప్యాలెస్ ఎక్కడికీ పోదు, రేపు చూడొచ్చు. మొదటి రోజు చేయాల్సింది ఒక్కటే, ఊరు కాళ్ళకి అలవాటు కావాలి. అది అయితే మిగతా రోజులు ఎవరి తోడూ లేకపోయినా నిశ్చింతగా తిరుగుతారు.

ఎయిర్‌పోర్టులో బోర్డుల మీద 'వీన్' అని కనిపిస్తుంది, వియన్నాకి జర్మన్ పేరు అదే. ఊళ్ళోకి వెళ్ళడానికి ఆకుపచ్చ రంగు ప్రకటనలతో క్యాట్ అనే స్పెషల్ ట్రైన్ ముందు కళ్ళబడుతుంది. అది పదహారు నిమిషాల్లో వీన్ మిట్టె స్టేషన్‌కి చేరుస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ. మామూలు లోకల్ ట్రైన్ ఎస్ 7 అదే స్టేషన్‌కి సుమారు 25 నిమిషాల్లో వెళ్తుంది. ఆ తొమ్మిది నిమిషాల కోసం అంత డబ్బు పెట్టడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. ఎయిర్‌పోర్టు ఊరి జోన్ బయట ఉంది కాబట్టి సిటీ పాస్ ఒక్కటే ఉంటే సరిపోదు, ఆ బయటి ముక్కకి వేరే టికెట్ కావాలి.

మెట్రోలో గేట్లు ఉండవు. హైదరాబాద్ మెట్రోలోలాగా కార్డు పెడితే తలుపు తెరుచుకోవడం అలవాటైన మనకి ఇది వింతగా ఉంటుంది, నేరుగా నడిచి వెళ్ళిపోవచ్చు. అలాగని టికెట్ లేకుండా ఎక్కకండి, మామూలు బట్టల్లో ఉన్న తనిఖీవాళ్ళు మధ్యలో ఎక్కుతారు, జరిమానా వంద యూరోలు దాటుతుంది. మెషీన్‌లో కొన్న కాగితం టికెట్ మీద తేదీ, టైమ్ ముద్ర పడకపోతే, మెట్ల దగ్గర ఉండే చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. టికెట్ జేబులోనే ఉన్నా ముద్ర లేకపోతే లేనట్టే లెక్క. మొదటి రోజుకి 24 గంటల టికెట్ తీసుకుంటే ఎన్నిసార్లు తప్పు ట్రామ్ ఎక్కినా దిగి వెనక్కి రావచ్చు, ఒక్కరే ఉన్నప్పుడు ఆ ధైర్యం చాలా పెద్దది.

అడ్రస్ చదవడం కూడా ట్రైన్‌లోనే నేర్చుకోండి. వియన్నా 23 జిల్లాలుగా ఉంటుంది. పిన్‌కోడ్‌లో మధ్య రెండు అంకెలే జిల్లా నంబరు: 1010 అంటే ఒకటో జిల్లా, ఊరి నడిబొడ్డు, 1070 అంటే ఏడోది. వీధి బోర్డుల మీద కూడా పేరుకి ముందు ఈ నంబరు ఉంటుంది, అది చూస్తే మ్యాప్ లేకుండానే ఎటు వచ్చారో తెలిసిపోతుంది. ఇంటి నంబరు 12/3/5 అని ఉంటే 12వ బిల్డింగు, మూడో మెట్లదారి, ఐదో తలుపు. అపార్ట్‌మెంట్‌లో గది తీసుకున్నవాళ్ళు ఇది తెలియక బయటి గేటు దగ్గరే నిలబడిపోతారు.

బ్యాగు రూమ్‌లో పడేసి, స్నానం చేసి, పడుకోకుండా బయటికి రండి. ఎండాకాలంలో మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. అక్కడ సాయంత్రం ఏడు అంటే మీ ఒంటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో. మధ్యాహ్నం "ఒక్క అరగంట" అని నడుం వాల్చారో రాత్రి తొమ్మిదికి లేచి తెల్లవార్లూ సీలింగ్ చూస్తూ ఉంటారు.

వీన్ మిట్టె నుంచి యు 3 మెట్రోలో రెండో స్టాప్ ష్టెఫాన్స్‌ప్లాట్స్. ఎస్కలేటర్ మీద పైకి వస్తుంటే సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్ ఒక్కసారిగా మీద పడినట్టు కనిపిస్తుంది, ఆ క్షణం కోసమైనా అక్కడికి నడిచి కాకుండా మెట్రోలోనే వెళ్ళమంటాను. రంగు పెంకులతో జిగ్‌జాగ్‌గా పరిచిన పైకప్పు, 136 మీటర్ల దక్షిణ గోపురం. ఆ గోపురంలోకి 343 మెట్లు, మెలికలు తిరిగే ఇరుకు దారి. ప్రయాణం చేసి వచ్చిన కాళ్ళతో వద్దు. లోపల కొంత భాగం ఉచితంగానే చూడొచ్చు, వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి. బయట పాతకాలం కోట్లూ విగ్గులూ పెట్టుకున్నవాళ్ళు కచేరీ టికెట్లు అమ్ముతూ ఆపుతారు. అవి టూరిస్టుల కోసం పెట్టే కచేరీలకి, పెద్ద ఒపేరా హౌస్‌కి కావు. "నైన్, డంకె", అంటే వద్దు, థాంక్స్ అని చెప్పి నడిచిపోండి. గుంపు ఎక్కువ కాబట్టి పర్సు వెనక జేబులో ఉంచకండి, పాస్‌పోర్టు ఉన్న బ్యాగు ముందుకి తిప్పుకోండి.

అక్కడి నుంచి గ్రాబెన్ వీధి. గ్రాబెన్ అంటే కందకం, రోమన్ల కాలంలో వాళ్ళ సైనిక శిబిరం కందకం ఇక్కడే ఉండేది. వీధి మధ్యలో మబ్బులు పేరుకున్నట్టుండే స్తంభం 1679లో వచ్చిన ప్లేగు జ్ఞాపకం. చివర ఎడమకి తిరిగితే కోల్‌మార్క్ట్, దాని చివర మిఖాయెలర్‌ప్లాట్స్. అక్కడ నేల మధ్యలో తవ్వి వదిలేసిన గొయ్యిలోకి తొంగి చూస్తే రోమన్ కాలం గోడలు కనిపిస్తాయి. ఎదురుగా ఉన్నది హోఫ్‌బుర్గ్, హాబ్స్‌బుర్గ్ చక్రవర్తుల రాజభవనం. దాని ప్రాంగణాల గుండా నడవడానికి టికెట్ అక్కర్లేదు. గుమ్మటం కింద నుంచి అటువైపు హెల్డెన్‌ప్లాట్స్‌కి, అక్కడి నుంచి కుడివైపు గులాబీల తోట ఫోక్స్‌గార్టెన్‌కి. ఇక్కడ కూర్చోండి. చాలా గులాబీ మొక్కలకి చిన్న పలకలు కట్టి ఉంటాయి, పుట్టినరోజుకో, పోయినవాళ్ళ గుర్తుగానో మనుషులు రాయించుకున్న మాటలు. జర్మన్ రాకపోయినా ఫోన్ కెమెరాతో తర్జుమా చేసి నాలుగైదు చదవండి, నాకు వియన్నా మీద ప్రేమ పుట్టింది అక్కడే.

తోట పక్కనే రింగ్ రోడ్డు. పాత ఊరి కోటగోడలు కూల్చేయమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ యోసెఫ్ ఆజ్ఞ ఇచ్చాక ఆ ఖాళీలో వేసిన దారి ఇది. పార్లమెంటు, టౌన్‌హాల్, ఒపేరా అన్నీ దీని మీదే. టూరిస్టు ట్రామ్ అక్కర్లేదు, ఒకటో నంబరు మామూలు ట్రామ్ ఎక్కి ఒపేరా దగ్గర దిగండి, అక్కడ రెండో నంబరు ఎక్కితే మిగతా వంపు తిరిగి శ్వేడెన్‌ప్లాట్స్ చేరుస్తుంది. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకి చూడాలి, బళ్ళు కుడివైపు నడుస్తాయి కదా. సైకిళ్ళ దారిలో ఆగి ఫొటోలు తీయకండి, వేగంగా వస్తారు.

భోజనం సంగతి. ఒక్కరే కూర్చుని తినడానికి మొహమాటపడేవాళ్ళకి వియన్నా కాఫీహౌస్ కంటే మంచి చోటు లేదు. ఒక మెలాంజ్ చెప్పండి, పాలనురుగుతో వచ్చే కాఫీ, చిన్న ట్రేలో పక్కన గ్లాసుడు నీళ్ళతో ఇస్తారు. రెండు గంటలు కూర్చున్నా లేవమనరు. బిల్లు మీరు అడిగితేనే వస్తుంది, "త్సాలెన్, బిట్టె" అనాలి. బిల్లు 6.30 అయితే "ఏడు" అని చెప్పి ఇస్తే టిప్పు అందులోనే అయిపోతుంది. నగదు కొంచెం ఉంచుకోండి, కొన్ని చోట్ల కార్డు తీసుకోరు. శాకాహారులకి ఒక జాగ్రత్త: సూప్‌లో మాంసం ముక్కలు కనిపించకపోయినా చాలాసార్లు అది బీఫ్ ఉడికించిన నీళ్ళతో చేసిందే. "ఓనే ఫ్లైష్" అంటే మాంసం లేకుండా అని, సూప్ విషయం విడిగా అడగండి. కేజెష్పెట్స్లె అనే చీజ్ నూడుల్స్ లాంటి వంటకం కడుపు నింపుతుంది, పందిమాంసం ముక్కలు వేస్తారేమో అడిగి తీసుకోండి. నీళ్ళ సీసాలు కొనకండి. ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు 1873 నుంచీ ఈ ఊరి పంపుల్లోకి వస్తున్నాయి, అంత రుచి.

ఆదివారం దిగుతున్నారా? దుకాణాలు మూసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోని సూపర్‌మార్కెట్లే దిక్కు, కాబట్టి వీన్ మిట్టెలోనే పళ్ళూ పెరుగూ కొనుక్కుని రూమ్‌కి వెళ్ళండి.

సాయంత్రం ఒపేరా నిలబడి చూసే టికెట్లు చవకే, కానీ మొదటి రోజు మూడు గంటలు నిలబడే ఓపిక ఉండదు, రేపటికి ఉంచండి. రేపు వెళ్ళినప్పుడు మెడలో స్కార్ఫ్ వేసుకెళ్ళండి, మీ చోట కమ్మీకి కట్టేస్తే విరామంలో బయటికి వెళ్ళొచ్చినా ఆ చోటు మీదే, అది అక్కడి పాత ఆచారం. మే, జూన్, సెప్టెంబరు నెలల్లో అయితే కొన్ని రాత్రులు లోపలి ప్రదర్శన బయటి గోడ మీద పెద్ద తెరపై ఉచితంగా వేస్తారు, కుర్చీలు కూడా ఉంటాయి, నిద్రొస్తే లేచి వెళ్ళిపోవచ్చు.

ఆ ఒపేరాకి రెండు నిమిషాల నడకలో, కెర్ట్నర్ రింగ్ 2లో మన దేశ ఎంబసీ ఉంది. వెళ్తూ వెళ్తూ ఆ తలుపు ఒకసారి చూసుకోండి. పోలీసులకి 133, అంబులెన్స్‌కి 144 ఫోన్‌లో దాచుకోండి. రూమ్‌కి చేరాక ఇంటికి ఫోన్ చేయాలనుకుంటే అప్పటికి ఇండియాలో అర్ధరాత్రి దాటి ఉంటుంది, అందుకే కాఫీ తాగుతున్నప్పుడే అమ్మకి వీడియో కాల్ చేసి చుట్టూ తిప్పి చూపించండి.