అల్మరాలో గుర్రుమనే డబ్బా: అమెరికా ఫ్లాట్‌లో వాటర్ సోర్స్ హీట్ పంప్‌ను ఎలా చూసుకోవాలి

జూన్ దాటిందంటే మొగల్రాజపురంలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ నిండా కొత్త సూట్‌కేసులే. ఆగస్టు సెమిస్టర్‌కి వెళ్లే పిల్లలు, ఆవకాయ ప్యాకింగ్ టెన్షన్‌లో వాళ్ల అమ్మలు. నేను ఎనిమిదేళ్లు జెర్సీ సిటీలో ఉండి వచ్చానని సలహాలకి నా దగ్గరికి వస్తారు. జాకెట్లు ఎన్ని కొనాలి, కుక్కర్ పట్టుకెళ్లాలా అని అడుగుతారు గానీ, చలికాలం ఇంట్లోకి వేడి ఎక్కడినుంచి వస్తుందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. పోయినేడు వెళ్లిన పై ఫ్లాటు అమ్మాయి మాత్రం మొన్న వీడియో కాల్ చేసి, "బాబాయ్ గారూ, అల్మరాలో ఫ్రిజ్ అంత డబ్బా ఉంది, గుర్రుమంటోంది, ఇదేంటి?" అంది. ఆ డబ్బా గురించే ఈ రాత.

దాని పేరు వాటర్ సోర్స్ హీట్ పంప్. అక్కడి పెద్ద బిల్డింగుల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. ఎండాకాలం ఏసీ, చలికాలం హీటర్, రెండు పనులూ ఒకే కంప్రెసర్‌తో చేస్తుంది. మన స్ప్లిట్ ఏసీకి బయటి గోడ మీద ఒక యూనిట్ ఉంటుంది కదా, ఇంట్లో వేడిని వీధిలోకి ఊదేది. దీనికి అది ఉండదు. బిల్డింగ్ అంతా తిరిగే నీళ్ల పైపులోకి వేడిని వదిలేస్తుంది, చలికాలం ఆ నీళ్లలోంచే వేడిని లాక్కుంటుంది. ఆ నీళ్లను సాధారణంగా 60 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంచుతారు, మన లెక్కలో దాదాపు 15 నుంచి 32. మరీ చల్లబడితే బాయిలర్ వేడి చేస్తుంది, మరీ వేడెక్కితే కూలింగ్ టవర్ చల్లారుస్తుంది. ఈ టవర్ మే నెలలో గుంటూరు ఇళ్ల కిటికీలకు పెట్టుకునే కూలర్‌కి పెద్దన్న అనుకోండి. అక్టోబరులో ఎండ పడే వైపు వాళ్లు ఏసీ వేసుకుంటే, వాళ్లు నీళ్లలోకి వదిలిన వేడిని నీడ వైపు వాళ్లు హీటర్‌కి వాడుకుంటారు. పక్కింటికి కూర గిన్నె పంపినట్టు. నాకు ఆ మిషన్‌లో బాగా నచ్చింది ఇదే.

ఇక మీ చేతిలో ఉన్న పని దాదాపు ఒక్కటే, ఫిల్టర్. మనం విజయవాడలో స్ప్లిట్ ఏసీ జాలీ తీసి కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, మళ్లీ పెట్టేస్తాం. దీనికి అలా చేయకండి. అది అట్ట ఫ్రేములో మడతలు మడతలుగా ఉండే మెత్తటి ఫిల్టర్, తడిస్తే పనికిరాదు. పాతది పారేసి కొత్తది పెట్టాలి. అట్ట అంచు మీద 16x20x1 లాంటి అంకెలు ఉంటాయి, అవి అంగుళాలు. కొనేముందు ఆ అంచును ఫొటో తీసుకోండి. గాలి ఎటు పోవాలో చూపించే బాణం కూడా అంచు మీదే ఉంటుంది, దాని మొన మిషన్ వైపు ఉండాలి. 'మెర్వ్' అని ఒక నంబర్ రాసి ఉంటుంది. నంబర్ పెరిగేకొద్దీ సన్నటి దుమ్మును పడుతుంది గానీ గాలికి అడ్డం కూడా పెరగవచ్చు. 8 చాలాచోట్ల సరిపోతుంది. 13 కొనాలనిపిస్తే ముందు బిల్డింగ్ సూపర్‌ని అడగండి. సూపర్ అంటే మన వాచ్‌మన్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ ముగ్గురూ కలిసిన మనిషి.

ఎన్నాళ్లకోసారి మార్చాలి? ఒకటి నుంచి మూడు నెలలు అంటారు. మన వంట వండే ఇంట్లో మాత్రం నెలకోసారి అనే నేనంటాను. నా మొదటి చలికాలం సంగతి చెప్తాను. డిసెంబరులో ఓ రాత్రి హీటర్ ఆగిపోయింది. గది ఎంత వెచ్చగా ఉండాలో పెట్టుకునే థర్మోస్టాట్ నొక్కాను, బ్రేకర్ వేసి తీశాను, కాసేపు తిరిగి మళ్లీ ఆగింది. పొద్దున వచ్చిన మెయింటెనెన్స్ మనిషి ఏమీ మాట్లాడకుండా ఫిల్టర్ లాగాడు. దుప్పటి పీచు లాంటి బూడిదరంగు పొర, దాని మీద నూనె జిడ్డు, అంచుల్లో పసుపు ఛాయ. ముక్కు దగ్గర పెట్టుకుంటే సాక్షాత్తూ ఎండుమిర్చి తిరగమోత వాసన. నాలుగు నెలల పప్పుచారు అంతా అందులోనే ఉంది. చాలా ఫ్లాట్లలో పొయ్యి మీది చిమ్నీ పొగను బయటికి పంపదు, వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. అగరుబత్తి పొగా అంతే. మిగిలిందంతా ఈ ఫిల్టర్ మీదికే చేరుతుంది.

ఫిల్టర్ మూసుకుపోతే చలికాలం లోపల ప్రెషర్ పెరిగి మిషన్ తనంతట తనే ఆగిపోతుంది. ఎండాకాలం కాయిల్ మీద మంచు కట్టేస్తుంది. ఆగిన మిషన్‌ను ఒక్కసారి ఆపి, కొన్ని నిమిషాలుంచి, తిరిగి వేయడంలో తప్పు లేదు. మళ్లీ ఆగితే ఊరికే రీసెట్ చేయకండి, ఎందుకాగిందో చూడకుండా పదేపదే వేస్తే దెబ్బతినేది కంప్రెసరే. వేసిన వెంటనే కంప్రెసర్ తిరగకపోయినా కంగారు వద్దు, ఐదు నిమిషాల దాకా ఆగి మొదలవడం మామూలే.

ఇంకొక అపోహ. "గాలి వెచ్చగా రావట్లేదు, పాడైపోయింది" అని మనవాళ్లు ఫోన్ చేస్తుంటారు. గ్యాస్ మండించి వేడి చేసే ఫర్నేస్ గాలిలా ఇది చురుక్కుమనదు. వచ్చే గాలి 90 నుంచి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది, మన ఒంటి వేడికి కాస్త అటూఇటూ. అందుకే చెయ్యి పెడితే గోరువెచ్చగానే తోస్తుంది. చూడాల్సింది గది వేడెక్కుతోందా లేదా అన్నదే. థర్మోస్టాట్‌ని 68, 70 దగ్గర పెట్టి వదిలేయండి. 80కి పెంచితే గది తొందరగా వేడెక్కదు, మిషన్ ఎక్కువసేపు తిరుగుతుందంతే.

ఎండాకాలం బెడద వేరు. ఏసీ నడిచేటప్పుడు కారే నీళ్లు మనకి బాల్కనీ బకెట్‌లోకో వీధిలోకో పడతాయి. అక్కడ గోడ లోపలి సన్నటి డ్రెయిన్ పైపులో పోతాయి. అందులో పాచి పట్టి పూడితే ట్రే నిండి నేల తడుస్తుంది, లేదా కింది ఫ్లాటు సీలింగ్ మీద టీ రంగు మరక పడుతుంది. మిషన్ పక్కన తడి గానీ ముక్కిన వాసన గానీ తెలిస్తే ఆ రోజే ఏసీ ఆపి, ఫొటో తీసి బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్లకి రిక్వెస్ట్ పెట్టండి.

ముట్టుకోకూడనివి నీళ్ల పైపుల వాల్వులు. అవి తెరిచే ఉండాలి. మా రూమ్మేట్ ఒకడు పైపు చెమ్మగా ఉందని ఒకటి కట్టేశాడు, నీళ్లు తిరగక ఏసీ ట్రిప్ అయింది. ఆ పైపులో తుప్పు పట్టకుండా మందులు కలిపిన నీళ్లు ఉంటాయి, మొక్కలకి కూడా పోయకండి. మిషన్‌కి కలిపే గొట్టం ఉబ్బినా, కారినా రాత్రి రెండైనా సరే ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి. ఆ గొట్టం వెనకాల ఉన్నది బిల్డింగ్ మొత్తం నీళ్లు.

ఏడాదికోసారి టెక్నీషియన్ వస్తాడు, కుదిరితే ఆ రోజు ఇంట్లో ఉండండి. కాయిల్, బ్లోయర్ శుభ్రం చేస్తాడు, డ్రెయిన్ చూస్తాడు, కరెంటు కనెక్షన్లు బిగిస్తాడు, నీళ్లను వడకట్టే స్ట్రెయినర్‌లో చెత్త ఉందేమో చూస్తాడు. లోపలికొచ్చే నీళ్లకీ బయటికెళ్లే నీళ్లకీ వేడిలో తేడా కొలుస్తాడు. ఏసీ మీద సుమారు 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా మామూలు. "గ్యాస్ తగ్గింది, నింపుతాం" అన్న మాట మనకి ప్రతి వేసవిలోనూ అలవాటే. గ్యాస్ ఖర్చయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, అది ఎక్కడో అడగండి. అమెరికాలో ఈ గ్యాస్ పట్టుకునేవాళ్లకి క్లీన్ ఎయిర్ యాక్ట్ అనే చట్టంలోని సెక్షన్ 608 సర్టిఫికెట్ తప్పనిసరి. తెలిసిన కుర్రాడున్నాడని చవకలో చేయించకండి.

డబ్బులెవరివన్నది లీజులో ఉంటుంది. సాధారణంగా రిపేరు ఓనర్‌ది, ఫిల్టర్ మాత్రం కొన్నిచోట్ల మనదే. చలికాలం ఇండియా వస్తుంటే హీటర్ పూర్తిగా కట్టేయకుండా థర్మోస్టాట్‌ని 55 పైనే ఉంచండి, లేకపోతే పైపులు గడ్డకట్టవచ్చు. ఇంకొకటి, ఆ అల్మరా తలుపుకి ఉండే చీలికల్లోంచే మిషన్ గాలి పీల్చుకుంటుంది. సూట్‌కేసులు, బియ్యం బస్తాలు అక్కడ ఆనించకూడదు.

పై ఫ్లాటు అమ్మాయి నిన్న ఫొటో పంపింది. కొత్త ఫిల్టర్, అంచు మీద మార్కర్‌తో తారీకు, బాణం లోపలికే ఉంది. పక్కనే మూసిన తలుపుకి ఆనించి సోనామసూరి బస్తా. దానికోసం ఈ సాయంత్రం మళ్లీ ఫోన్ చేయాలి.