ఇన్‌ఫ్రారెడ్ రోలు ఖాళీగా వచ్చిందా? ముందు ఫిల్టర్ సంగతి తేల్చుకోండి

కొబ్బరాకులు వెన్న రంగులో, కాలువ నీళ్ళు నల్లగా వస్తాయని ఆశపడి కోనసీమలో మొదటి ఇన్‌ఫ్రారెడ్ రోలు (ఎరుపు దాటి కంటికి కనపడని వెలుగుని కూడా పట్టే నలుపు-తెలుపు ఫిల్మ్) తీసినవాళ్ళు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదులు దాదాపు ఇవే.

సమస్య: రోలు మొత్తం గాజులా ఖాళీ

ల్యాబ్‌వాళ్ళ మీద పడేముందు ఫిల్మ్ అంచు చూడండి. కంపెనీ పేరు, ఫ్రేమ్ నంబర్లు నల్లగా పడి ఉంటే డెవలపింగ్ బాగానే జరిగినట్టు. ఫిల్మ్‌కి వెలుగే అందలేదు. దయచేసి ఈ ఒక్కటి చూడకుండా కెమెరా రిపేరుకి ఇవ్వకండి.

మామూలు కారణం మీటర్. డబ్బా మీద ఐఎస్‌ఓ (ఫిల్మ్ వేగం) 400 అని ఉంది కదా అని మీటర్‌లో అదే పెట్టేస్తారు. 720 ఫిల్టర్, అంటే తరంగం పొడవు సుమారు 720 నానోమీటర్లు దాటిన వెలుగునే వదిలే నల్ల గాజు, ఐదు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది). ఫిల్టర్ తీసేసి, మీటర్ 12 దగ్గర పెట్టి కొలవండి. మళ్ళీ ఫిల్టర్ పెట్టి, మంచి ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్/8 దగ్గర ఉంచి, సెకనులో 1/60, 1/30, 1/15 వంతు మూడూ కొట్టండి. ట్రైపాడ్ తప్పదు.

ఇదంతా సరిగ్గా చేసినా ఖాళీగానే వస్తే, నావి రెండు రోల్స్ ముంచిన కారణం ఇది: ఫిల్టర్ నంబరు. ఇల్ఫర్డ్ ఎస్‌ఎఫ్‌ఎక్స్ 200 సుమారు 740 నానోమీటర్ల వరకే చూడగలదు, రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 సుమారు 820 దాకా. 850, 950 ఫిల్టర్లు వదిలే వెలుగు ఈ ఫిల్ములకి చీకటితో సమానం. చేతిలో పట్టుకుంటే 720, 850, 950 అన్నీ నల్ల గాజుబిళ్ళలే. నేను కొన్నదాని రింగు మీద నంబరే లేదు. టీవీ రిమోట్ ముందు అడ్డంపెట్టి ఫోన్ కెమెరాలో చూస్తే రిమోట్ కొసన బల్బు తెల్లగా మెరిసింది. ఇంకేం, బాగానే ఉందనుకుని దిండి దగ్గర వశిష్ఠ ఒడ్డున రోజంతా తీశాను. రిమోట్ వెలుగు సాధారణంగా 940 దగ్గర ఉంటుంది; అది 720లోంచీ వస్తుంది, 850లోంచీ వస్తుంది. ఆ పరీక్షతో ఏమీ తేలదు.

రాత్రి గది చీకటి చేసి, పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఒక్కటే వేసి, ఫిల్టర్‌ని కంటికి ఆనించి చూడండి. 720 అయితే తీగ నిప్పుకణికలా ముదురు ఎరుపులో కనిపిస్తుంది. 850 అయితే ఏమీ కనపడనట్టే. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, దాంట్లో ఆ ఎరుపు ఉండదు. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ చూడొద్దు. కనపడని వెలుగే కన్ను కాల్చేస్తుంది.

ఎస్‌ఎఫ్‌ఎక్స్ వాడితే 720 కూడా దాని అంచుమీదే పడుతుంది కాబట్టి మీటర్ 6 దగ్గర పెట్టండి.

సమస్య: బొమ్మ వచ్చింది, ఆకులు బూడిద రంగే

మబ్బులో తీశారు, లేదా మామూలు ఎర్ర ఫిల్టర్ పెట్టారు. ఎండ కాసేదాకా ఆగి 720తో తీయండి.

సమస్య: మట్టలు మసకగా ఉన్నాయి

ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ వేరే చోట పడుతుంది. ఫిల్టర్ లేకుండా ఫోకస్ చేసి, చూపించిన దూరాన్ని లెన్స్ మీదున్న ఎర్ర గుర్తుకి జరపండి. గుర్తు లేని లెన్స్ అయితే ఎఫ్/11కి మూసేయండి.

సమస్య: మొదటి ఫ్రేములు నల్లబడ్డాయి

ఎండలో లోడ్ చేశారు. రోలై ఫిల్మ్ పాలిస్టర్ బేస్ కొసన పడ్డ వెలుగుని గొట్టంలా లోపలికి లాగేస్తుంది. చీకటి గదిలోనే డబ్బా తెరవండి. రోలు పొడుగునా ఒకే అంచు నల్లబడితే, మీ ఆటోఫోకస్ కెమెరా లోపలి ఇన్‌ఫ్రారెడ్ దీపంతో ఫిల్మ్ చిల్లులు లెక్కపెడుతోందేమో కనుక్కోండి. అదే అయితే పాత మెకానికల్ బాడీకి మారండి.

గడువు దాటిన ఫిల్మ్, వెలుగు చొరబడే డెవలపింగ్ ట్యాంకు లాంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.