ఈత పోటీకి వెళ్లేముందు పిల్లల చేతి మీద రాయండి

విజయనగరం నుంచి తెల్లారకుండానే బస్సెక్కి పిల్లల్ని విశాఖ ఈత పోటీలకు తీసుకెళ్లే అమ్మానాన్నలకు ఒక చిన్న ఉపాయం.

హీట్ షీట్ (ఎవరు ఏ రేసులో, ఎక్కడ ఈదాలో చెప్పే జాబితా) రాగానే ఈవెంట్ (ఏ పోటీ), హీట్ (అందులో ఎన్నో బ్యాచ్), లేన్ (కొలనులో ఎన్నో వరస) నంబర్లు వరసగా పిల్లల ముంజేతి మీద రాసేయండి. పర్మనెంట్ మార్కరైతే మేలు, స్కెచ్ పెన్ను మొదటిసారి నీళ్లలో దూకగానే కరిగిపోతుంది. చర్మానికి నూనె, సన్‌స్క్రీన్ రాయకముందే రాయాలి, లేకపోతే అంటదు. పక్కనే ఏ స్ట్రోకో, అంటే ఏ రకం ఈతో, ఒక్క అక్షరం చేర్చండి. ఇక పిల్ల మాటిమాటికీ గ్యాలరీలోకొచ్చి "నాన్నా, నాదెప్పుడు?" అని అడగదు, తన పేరు పిలిచేవేళకు తనే వెళ్లి నిలబడుతుంది.

రేసుకీ రేసుకీ మధ్య ఒళ్లు తుడిచి పొడి టీషర్టు వేయించండి. తడిగుడ్డలతో కూర్చుంటే ఒళ్లు చల్లబడి కండరాలు బిగుసుకుంటాయి. తినడానికి రెండు ఇడ్లీలో, అరటిపండో చాలు. పూరీలు ఇంటికొచ్చాక తినొచ్చు.

బ్రెస్ట్‌స్ట్రోక్‌లో, బటర్‌ఫ్లైలో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి, ఒక చెయ్యి ముందు తగిలితే డిస్‌క్వాలిఫై చేస్తారు. చిన్నపిల్లలకిది మామూలే. అక్కడే తిట్టడం మొదలెట్టకండి, ఆ సంగతి కోచ్‌ చూసుకుంటారు. "ఎన్నో ప్లేసు?" అనేకంటే, కిందటిసారి టైమింగ్ కాగితం మీదుంటే ఇద్దరూ కలిసి పోల్చి చూసుకోండి.