ఫైబర్ ఆగినా బ్యాకప్ అందుకోకపోతే: చిన్న వ్యాపారాల సిమ్ రూటర్ సమస్యలు, పరిష్కారాలు

జీఎస్‌టీ రిటర్ను గడువైన 20వ తేదీ సాయంత్రం ఫైబర్ తెగితే ఆడిటర్ ఆఫీసులో పరిస్థితి ఎలా ఉంటుందో ఆ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. మందుల దుకాణానికీ, డయాగ్నస్టిక్ ల్యాబుకూ, మీసేవ కేంద్రానికీ ఇదే బాధ. అందుకే చాలామంది, ఫైబర్ పోయినా మొబైల్ డేటా మీద పని నడిచేలా, ఒక సిమ్ రూటరో, డాంగిలో కొని పెట్టుకుంటారు. తీరా అవసరపడినప్పుడు అది పనిచేయలేదన్న ఫిర్యాదే ఎక్కువగా వినిపిస్తుంది. కొనేటప్పుడు అందరూ డబ్బా మీద రాసిన వేగాన్ని చూస్తారు గాని, బ్యాకప్ విఫలమయ్యేది వేగం వల్ల కాదు; ఫైబర్ పోయిందన్న సంగతి పరికరానికి తెలియకపోవడం వల్ల, లేదా ఫైబర్‌తో పాటే అదీ పోవడం వల్ల.

ఏ సమస్యకైనా ముందు ఓఎన్‌టీ పెట్టె (దుకాణంలోకి వచ్చిన ఫైబర్ చివర ఉండే పెట్టె) మీది దీపాలు చూడాలి. ఎల్‌ఓఎస్ (LOS) దీపం ఎర్రగా మిణుకుతుంటే ఫైబర్ తెగినట్టో, ఎక్కడో మడతపడినట్టో లెక్క. పాన్ (PON) దీపం నిలకడగా వెలుగుతూ నెట్ రాకపోతే లోపం సర్వీసు కంపెనీ వైపు, లాగిన్‌లోనో బిల్లులోనో ఉండవచ్చు. ఏ దీపమూ లేకపోతే కరెంటునో అడాప్టర్‌నో చూసుకోవాలి.

ఫైబర్ ఆగింది, రూటర్ మాత్రం సిమ్‌కు మారలేదు

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది ఇదే. చవక రూటర్లలో చాలావాటికి తమ వ్యాన్ (WAN) పోర్టులోకి, అంటే బయటి నెట్ వచ్చి చేరే రంధ్రంలోకి, వచ్చే కేబుల్ ఊడిపోతేనే లైను పోయినట్టు తెలుస్తుంది. వీధి చివర ఫైబర్ తెగినా దుకాణంలో ఓఎన్‌టీ కరెంటు మీద నడుస్తూనే ఉంటుంది, ఓఎన్‌టీకీ రూటర్‌కూ మధ్య కేబుల్ సజీవంగానే ఉంటుంది. కాబట్టి రూటర్ అంతా బాగానే ఉందనుకుని చచ్చిన దారిలోకే డేటాను పంపుతూ ఉంటుంది. ఫైబర్ లాగిన్ రూటర్‌లో కాక ఓఎన్‌టీలోనే పెట్టి ఉన్న చోట ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

ఇంటర్నెట్‌లో బయట ఉన్న ఒక చిరునామాకు పింగ్ (ఉన్నావా అని పలకరించే చిన్న సందేశం) పంపి, జవాబు రాకపోతే సిమ్‌కు మారే రూటర్‌నే ఎంచుకోవడం దీనికి పరిష్కారం. కొనేముందు సెట్టింగుల్లో ఫెయిలోవర్ (ఒక లైను పోతే ఇంకోదానికి మారడం) పేజీని చూపించమని అడగాలి; అక్కడ పింగ్ చిరునామా రాసే గడి లేకపోతే, అది ఎంత పేరున్న కంపెనీదైనా ఈ పనికి తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ గడిలో 8.8.8.8, 1.1.1.1 వంటి రెండు వేర్వేరు సంస్థల చిరునామాలు ఇచ్చి, రెండూ పలకనప్పుడే మారేలా పెట్టాలి. ఒక్కటే ఇస్తే అది కాసేపు పలకకపోయినా రూటర్ అనవసరంగా సిమ్ మీదకు వెళ్తుంది. ఓఎన్‌టీ చిరునామాను అక్కడ రాయడం వల్ల ప్రయోజనం లేదు, ఫైబర్ తెగినా అది జవాబిస్తూనే ఉంటుంది కదా.

పరీక్షించే పద్ధతిలోనూ ఇదే మెలిక ఉంది. అమ్మే మనిషి వ్యాన్ కేబుల్ లాగి, చూడండి సార్ సిమ్‌కు మారింది, అంటాడు. దానివల్ల ఏమీ రుజువు కాదు. ఓఎన్‌టీ వెనక ఉన్న ఫైబర్ పిన్నును తీసి, కేబుళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంచి, బిల్లింగ్ కంప్యూటర్‌లో నెట్ తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. పిన్ను చివరను వేలితో తాకకూడదు, కంటి దగ్గర పెట్టుకుని చూడకూడదు.

దీనికి తోబుట్టువైన చిక్కు ఇంకొకటి ఉంది. ఫైబర్ వస్తూ పోతూ ఉన్నప్పుడు రూటర్ కూడా అటూ ఇటూ మారుతుంటే, మారిన ప్రతిసారీ ఐపీ చిరునామా (నెట్‌లో మనల్ని గుర్తించే అంకె) మారిపోయి బ్యాంకు పోర్టల్ మధ్యలోనే బయటకు నెట్టేస్తుంది. ఫైబర్ తిరిగి వచ్చాక ఐదు నిమిషాల పాటు నిలకడగా ఉంటేనే వెనక్కి వెళ్లేలా వ్యవధి పెడితే ఇది తగ్గిపోతుంది.

ఫైబర్‌తో పాటు సిమ్ కూడా మూగబోతుంది

మొబైల్ అంటే గాలిలో వచ్చేదే గదా అనుకుంటాం గాని, టవర్ నుంచి అవతలకు డేటా వెళ్లేది చాలాచోట్ల ఫైబర్ మీదే. ఫైబర్ ఏ కంపెనీదో సిమ్ కూడా ఆ కంపెనీదే అయితే, రోడ్డు తవ్వకంలో తెగిన ఒక్క కేబుల్‌తో రెండూ పోవచ్చు. 2025 ఆగస్టులో రామంతాపూర్ రథయాత్ర ప్రమాదం తర్వాత హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు ఎన్నో ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. స్తంభాల మీద ఫైబర్ లాగిన ఊళ్లలో పెద్ద గాలివానకూ ఇదే జరుగుతుంది.

కాబట్టి ఫైబర్ ఒక కంపెనీదైతే సిమ్ వేరే కంపెనీది ఉండాలి. రెండు సిమ్‌ల రూటర్ కొంటే మేలే, కాకపోతే ఒకే మోడెమ్ ఉన్న రకంలో ఒక సమయంలో ఒక్క సిమ్మే పనిచేస్తుందనీ, రెండోదానికి మారడానికి కొంత సమయం పడుతుందనీ తెలిసి కొనాలి. కరెంటు పోయినప్పుడే రెండూ ఆగుతున్నాయంటే తప్పు నెట్‌వర్కుది కాదు. ఓఎన్‌టీకీ రూటర్‌కూ చిన్న డీసీ యూపీఎస్ (అడాప్టర్ బదులు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చే పెట్టె) పెట్టాలి. అడాప్టర్ల మీద రాసిన ఓల్టులు సరిపోవాలి, యూపీఎస్ ఇవ్వగల ఆంపియర్లు రెండు పరికరాలకూ కలిపి చాలాలి.

సిమ్‌కు మారింది, గీతలు నిండుగా ఉన్నాయి, పేజీ మాత్రం తెరుచుకోదు

గీతలను నమ్మకూడదు. రూటర్ స్టేటస్ పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ అనే రెండు అంకెలు ఉంటాయి. మొదటిది సిగ్నల్ బలం. మైనస్ 80 నుంచి మైనస్ 95 వరకు బాగున్నట్టే, మైనస్ 110 దాటి కిందికి పోతే ఆ చోటు పనికిరాదు. రెండోది శుభ్రత, బలం బాగుండి ఇది సున్నా దగ్గర ఆడుతుంటే చుట్టుపక్కల టవర్ల సంకేతాలు కలగలిసిపోతున్నాయని అర్థం. ఇనుప షట్టర్ వెనక, బీరువా మీద పెట్టిన రూటర్‌ను వీధి వైపు కిటికీ దగ్గరకు జరపడమే మొదటి చికిత్స. అది చాలకపోతే బయటి యాంటెన్నా పెట్టుకోవచ్చు, అందుకు రూటర్‌కు విప్పి బిగించే యాంటెన్నా కనెక్టర్లు ఉండాలి. యాంటెన్నా కేబుల్ పొడవు పెరిగేకొద్దీ సంకేతం అందులోనే కరిగిపోతుంది కనుక, యాంటెన్నాకు దగ్గరలో రూటర్ పెట్టి, అక్కడి నుంచి కంప్యూటర్ వరకు మామూలు ల్యాన్ కేబుల్ లాగడం మేలు.

సిగ్నల్ ఫోనులో బాగుండి రూటర్‌లో బలహీనంగా కనిపిస్తే బ్యాండ్లను (టవర్ వాడే ఫ్రీక్వెన్సీ పట్టీలను) అనుమానించాలి. జియో 4జీ బ్యాండ్ 3, 5, 40 మీద నడుస్తుంది. వీటిలో గోడలు దాటి లోపలికి బాగా వచ్చేది 850 మెగాహెర్ట్జ్‌లోని బ్యాండ్ 5. ఎయిర్‌టెల్‌కు ఆ పని చేసేది 900లోని బ్యాండ్ 8, బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 700లోని బ్యాండ్ 28. బంధువులు విదేశాల నుంచి తెచ్చిన రూటర్‌లో వీటిలో ఏదో ఒకటి లేకపోవడం మామూలే. 5జీ రూటర్ కొనదలిస్తే జియో 5జీ స్టాండలోన్ (4జీ ఆసరా లేని) పద్ధతిలో నడుస్తుంది కనుక ఆ సౌకర్యం ఉన్నదే తీసుకోవాలి. నిజానికి బిల్లింగ్, యూపీఐ, రిటర్నుల పనికి సెకనుకు 150 మెగాబిట్ల దాకా అందుకోగల క్యాట్ 4 తరగతి 4జీ రూటర్ ధారాళంగా సరిపోతుంది; మిగిలిన డబ్బును యాంటెన్నాకో యూపీఎస్‌కో పెట్టడం తెలివైన పని.

బ్యాటరీతో వచ్చే జేబు హాట్‌స్పాట్‌ను ఏడాది పొడవునా చార్జింగులోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బవచ్చు, పైగా టెలికాం కంపెనీ అమ్మినవి వేరే కంపెనీ సిమ్‌ను చాలావరకు అంగీకరించవు. ప్రయాణానికి బాగుంటాయి గాని కౌంటర్ దగ్గర శాశ్వతంగా పెట్టడానికి తగవు.

గంట కాస్త దాటగానే డేటా అయిపోతుంది

నాలుగు కెమెరాలు ఒక్కోటి సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున క్లౌడ్‌కు పంపుతున్నాయనుకుందాం. ఒక కెమెరాకు గంటకు 450 మెగాబైట్లు, నాలుగింటికి 1.8 గిగాబైట్లు. రోజుకు 2 గిగాబైట్ల ప్లాన్ గంటకు కాస్త పైగా ఆవిరైపోతుంది, ఆ తర్వాత వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. దాన్ని చూసి పరికరం పాడైందనుకుంటారు. సిమ్ మీద ఉన్నప్పుడు బిల్లింగ్ కంప్యూటర్‌కు తప్ప మిగతావాటికి దారి మూసే నిబంధన రూటర్‌లో రాయాలి. ఆ సౌకర్యం లేకపోతే కెమెరాలను, కస్టమర్లకిచ్చే వైఫైని ఓఎన్‌టీకే నేరుగా కలిపి, సిమ్ రూటర్ కింద బిల్లింగ్ కంప్యూటర్‌ను, ప్రింటర్‌ను మాత్రమే ఉంచవచ్చు. అలా కలిపేటప్పుడు ఓఎన్‌టీ, రూటర్ రెండూ 192.168.1.1 చిరునామా మీదే ఉంటే ఒకదానితో ఒకటి తగువు పడతాయి, రూటర్‌ది 192.168.5.1గా మారిస్తే సరి.

లోపల నెట్ ఉంది, ఇంటి నుంచి దుకాణంలోని టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) తెరుచుకోదు

మొబైల్ కంపెనీలు వేలమంది వాడుకరులను ఒకే పబ్లిక్ చిరునామా వెనక ఉంచుతాయి, అందువల్ల బయటి నుంచి మీ రూటర్‌ను నేరుగా చేరుకోవడం కుదరదు. రూటర్‌లో వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే ఇదే కారణం, అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి కంప్యూటర్‌కు పంపే సెట్టింగ్) ఎంత చేసినా ఫలితం ఉండదు. లోపలి నుంచి బయటకు కలుపుకునే వీపీఎన్‌ను (నెట్ మీద వేసుకునే ప్రైవేటు దారిని) వాడాలి, లేదా స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) ఉన్న కార్పొరేట్ సిమ్ అడగాలి. కెమెరాలకైతే డీవీఆర్ (కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) కంపెనీ ఇచ్చే క్లౌడ్ యాప్ చాలు.

అవసరమైన రోజున సిమ్మే చచ్చిపోయి ఉంటుంది

ప్రీపెయిడ్ గడువు ముగుస్తోందన్న సందేశాలు రూటర్ లోపలి పెట్టెలోనే పడి ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. 90 రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ సిమ్‌ను నిలిపివేసే వీలు కూడా కంపెనీకి ఉంది. ఈ నంబరును యజమాని ఫోనులోని టెలికాం యాప్‌కు జతచేసి రీచార్జి అక్కడి నుంచే చూసుకోవాలి. సిమ్‌కు పిన్ లాక్ ఉంటే ముందే తీసేయాలి, లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రూటర్ ఆ పిన్ అడుగుతూ ఆగిపోవచ్చు. నెలకొకసారి, దుకాణం కట్టేసే వేళ, ఫైబర్ పిన్ను తీసి ఒక బిల్లు కొట్టి చూడాలి.