పైలట్ కుటుంబాలకు స్టాఫ్ టికెట్: వరంగల్ నుంచి బయల్దేరేవాళ్లు ఎట్లా వాడుకోవాలి

ఇంట్లో కొడుకో బిడ్డో పైలట్ అయితే అమ్మానాన్నలకు విమానం ఫ్రీ అని ఊళ్లో అందరూ అనుకుంటారు. ఫ్రీ కాదు, చవక. విమాన కంపెనీ తన ఉద్యోగుల కుటుంబాలకు తగ్గింపు ధరకు ఇచ్చే ఈ స్టాఫ్ టికెట్లలో ఎక్కువ శాతం స్టాండ్‌బై టికెట్లు. పూర్తి డబ్బు కట్టి కొన్నవాళ్లు ఎక్కాక సీటు మిగిలితేనే మీరు ఎక్కుతారు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు సీటు దొరకకపోతే ఇంటికి పోయి మర్నాడు మళ్లీ వస్తారు. హన్మకొండ, కాజీపేట వాళ్లకు శంషాబాద్ కారులోనే మూడు, మూడున్నర గంటల దూరం. మామునూరు ఎయిర్‌పోర్టుకు కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చినా, అక్కడ విమానాలు దిగేదాకా మన దారి శంషాబాదే. అందుకే మన వైపు వాళ్లు సీటు దొరకని రోజు ఏం చేయాలో ముందు తేల్చుకొని, ఆ తర్వాతే టికెట్ తీసుకోవాలి.

ముందు పేర్లు ఎక్కించాలి

స్టాఫ్ ట్రావెల్ పోర్టల్‌లో, అంటే ఉద్యోగుల ప్రయాణాల కోసం కంపెనీ నడిపే వెబ్‌సైట్‌లో, కుటుంబ సభ్యుల పేర్లు నమోదు చేయాల్సింది ఉద్యోగి. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు మామూలుగా అర్హులే. అత్తమామలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంగతి, పిల్లలకు ఎన్నేళ్ల దాకా వర్తిస్తుందన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని కంపెనీలు ఈ జాబితాను ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తాయి. కాబట్టి ఉద్యోగంలో చేరిన వెంటనే, పెళ్లయిన వెంటనే, బిడ్డ పుట్టిన వెంటనే కాగితాలు ఇచ్చేయాలి. ప్రయాణం ఉందనగా వారం ముందు మొదలుపెడితే కుదరదు.

ఎక్కువ పనులు ఆగిపోయేది పేర్ల దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పాత పెన్షన్ కాగితంలో ఇంకోలా ఉంటుంది. విదేశాలకు పోయే ఆలోచన ఉంటే పోర్టల్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఎక్కించండి. ఆ తర్వాత ఆధార్‌ను దానికి సరిచేసుకుంటే దేశంలోపల ప్రయాణాలకూ ఇబ్బంది ఉండదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒక్క మాటే పేరుగా ఉన్న పెద్దవాళ్లు మన వైపు చాలామంది. యూఏఈ 2022 నవంబర్‌లో విజిట్ వీసాలకు ఒంటిపేరు పాస్‌పోర్టులు ఒప్పుకోమని చెప్పింది. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే సరిపోతుందని సడలించింది. అయినా ఇంటిపేరు చేర్పించి కొత్త పాస్‌పోర్టు తీసుకోవడమే మంచిది. కరీంనగర్, నిజామాబాద్‌లలో పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి, వరంగల్‌లో పోస్టాఫీసు కేంద్రం ఉంది. ఈ పనికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

టికెట్ మీద రాతలకు అర్థం

ఐడీ 90 అంటే మూల ఛార్జీలో 90 శాతం తగ్గింపు, ఐడీ 50 అంటే సగం తగ్గింపు. తగ్గేది మూల ఛార్జీ ఒక్కటే. పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు పూర్తిగా కట్టాలి. దూరపు అంతర్జాతీయ ప్రయాణాల్లో ఈ పన్నులే వేలల్లోకి పోతాయి, "90 శాతం పోయిందంటివి, ఇంతెందుకైంది" అని ఇంట్లో అడిగేది దీని గురించే. చివర ఆర్ 1 అని ఉంటే సీటు ఖాయం. ఆర్ 2 అని ఉంటే స్టాండ్‌బై.

వేరే కంపెనీ విమానంలో పోవాలంటే జెడ్ టికెట్ తీసుకుంటారు. రెండు ఎయిర్‌లైన్ల మధ్య ఒప్పందం ఉంటేనే అది దొరుకుతుంది. ధర దూరాన్ని బట్టి ఉంటుంది, అందులో తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు స్థాయిలు. చాలా కంపెనీలు దీన్ని మైఐడీట్రావెల్ అనే సైట్ ద్వారా ఇస్తాయి. అక్కడ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల బొమ్మలు కనిపిస్తాయి. ఆకుపచ్చ ఉంటే సీటు దొరికినట్టే అనుకోవద్దు. మీలాగే ఆ విమానానికి ఎంతమంది స్టాండ్‌బైలో ఉన్నారో ఆ బొమ్మ చెప్పదు.

టికెట్ కొనడం వేరు, లిస్టింగ్ వేరు. ఏ రోజు ఏ విమానానికి వస్తున్నారో చెప్పి ఆ విమానం జాబితాలో పేరు ఎక్కించుకోవాలి. విమానం మారితే మళ్లీ లిస్టింగ్ చేయాలి. చేతిలో టికెట్ ఉండి జాబితాలో పేరు లేకపోతే కౌంటర్లో వాళ్లు వెనక్కి పంపిస్తారు.

సీట్ల లెక్క చూడటం

పైలట్‌ను అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఎన్ని సీట్లు అమ్ముడుపోయాయి? స్టాండ్‌బైలో ఎంతమంది ఉన్నారు? అందులో మాకంటే ముందు వరసలో ఎంతమంది?

ఉదాహరణకు 180 సీట్ల విమానంలో 168 అమ్ముడైతే 12 ఖాళీ. స్టాండ్‌బైలో 7 మంది ఉంటే, మీ ముగ్గురిని కలిపినా అందరికీ సరిపోవాలి. కానీ అంతకుముందు విమానం రద్దయితే దాని ప్రయాణికులు డబ్బు కట్టినవాళ్లు కాబట్టి వాళ్లను ముందు ఎక్కిస్తారు, ఆ 12 సీట్లు ఒక్క అరగంటలో పోతాయి. దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. విమానం నిండిందని ఉంటుంది, కొన్నవాళ్లలో కొందరు రారు, గేటు దగ్గర సీట్లు మిగులుతాయి. అందుకే ఈ లెక్క రెండు రోజుల ముందు ఒకసారి, ముందురోజు రాత్రి ఒకసారి, ఇల్లు కదిలే ముందు ఒకసారి చూడాలి.

ఖాళీ సీట్లు కళ్ల ముందు కనిపిస్తున్నా ఎక్కించుకోని సందర్భాలూ ఉంటాయి. దూరపు విమానానికి ఎదురుగాలి ఎక్కువున్నా, ఎండలు బాగా ముదిరినా మోయగల బరువు తగ్గించాల్సి వస్తుంది. అప్పుడు ముందు ఆగేది స్టాండ్‌బై వాళ్లే. సిబ్బందితో వాదించి లాభం లేదు, అది భద్రత లెక్క.

వరస ఎట్లా వేస్తారంటే, డ్యూటీ మీద పోయే సిబ్బంది ముందు, తర్వాత ఆ కంపెనీ ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు, చివర వేరే కంపెనీల వాళ్లు. ఒకే వరసలో ఉన్నవాళ్ల మధ్య కొన్నిచోట్ల ఉద్యోగంలో చేరిన తేదీ చూస్తారు, కొన్నిచోట్ల ఎవరు ముందు చెకిన్ అయ్యారో చూస్తారు. మీ కంపెనీది రెండో పద్ధతైతే కౌంటర్ తెరిచే సమయానికి అక్కడుండాలి.

స్టాండ్‌బై పెట్టుకోకూడని రోజులు మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఉన్నాయి. సంక్రాంతి, బతుకమ్మ దసరా, వేసవి సెలవులు అందరికీ తెలిసినవే. జూలై చివరి నుంచి ఆగస్టంతా అమెరికా చదువులకు పోయే పిల్లలతో హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ వైపు విమానాలు నిండిపోతాయి. డిసెంబర్, జనవరిలో అదే రద్దీ ఇటువైపు ఉంటుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చే ఏడు అది ఇంకాస్త పెరుగుతుంది. రంజాన్ ముందూ వెనకా జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ గల్ఫ్ కార్మికుల ప్రయాణాలు ఎక్కువ. పెళ్లి, పరీక్ష, ఆపరేషన్, వీసా ఇంటర్వ్యూ లాంటి తేదీ మారని పనికైతే ఏ నెలైనా మామూలు టికెట్టే కొనండి.

ఇంటి నుంచి గేటు దాకా

రోజులో మొదటి విమానాన్ని ఎంచుకోండి. అది తప్పితే అదే రోజు ఇంకో రెండు మూడు అవకాశాలుంటాయి. రాత్రి చివరి విమానం తప్పితే మిగిలేది లాడ్జి ఖర్చే. పొద్దున విమానానికి ముందురోజు సాయంత్రమే శంషాబాద్ వైపో, నగరంలో చుట్టాలింటికో చేరుకోవడం నయం. కారులో వరంగల్ నుంచి జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే నగరం తగలకుండా పెద్దఅంబర్‌పేట, తుక్కుగూడ మీదుగా పోవచ్చు. కరీంనగర్ వాళ్లకు శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్ వాళ్లకు మేడ్చల్ దగ్గర ఔటర్ దొరుకుతుంది. రైల్లో వచ్చేవాళ్లు సికింద్రాబాద్‌లో దిగి పుష్పక్ బస్సు ఎక్కొచ్చు. ఆదిలాబాద్ వాళ్లు మాత్రం నాగ్‌పూర్ ఎయిర్‌పోర్టునూ చూడాలి, దూరం హైదరాబాద్ కంటే వంద కిలోమీటర్లు తక్కువ.

సామాను మనిషికి ఒక్క చేతి బ్యాగు, 7 కిలోల లోపు. సీటు ఖాయం కాకముందు పెద్ద బ్యాగు కౌంటర్లో ఇస్తే, మీరు ఆగిపోయినప్పుడు దాన్ని వెనక్కి తెప్పించుకోవడానికి గంట పడుతుంది, ఆలోపు తర్వాతి విమానం పోతుంది. సకినాలు, గారెలు చేతి బ్యాగులో తీసుకుపోవచ్చు. తొక్కులు, పచ్చళ్లు, నెయ్యి సెక్యూరిటీలో ఆపుతారు. ఎండు కుడుకలు మంట పట్టే వస్తువుల కిందికి వస్తాయి కాబట్టి కౌంటర్లో ఇచ్చే సామానులోనూ ఒప్పుకోరు.

ఎయిర్‌పోర్టు ద్వారం దగ్గర సీఐఎస్‌ఎఫ్ వాళ్లు ఆ రోజు తేదీ, విమానం నంబర్ ఉన్న కాగితం చూస్తారు. లిస్టింగ్ ప్రింటు, ఒరిజినల్ గుర్తింపు కార్డు ప్రతి ఒక్కరి దగ్గరా విడిగా ఉండాలి. లోపల చెకిన్ కౌంటర్లో సీటు నంబర్ లేని స్టాండ్‌బై కార్డు ఇస్తారు, లేదా కౌంటర్ మూసేదాకా పక్కన ఆగమంటారు. దేశంలోపల విమానాలకు కౌంటర్ బయల్దేరే సమయానికి గంట ముందు మూస్తారు. అసలు నిర్ణయం అప్పుడు మొదలై కొన్నిసార్లు గేటు దగ్గర చివరి 20 నిమిషాల్లో తేలుతుంది. పేరు పిలిచినప్పుడు లేకపోతే సీటు తర్వాతివాళ్లకు పోతుంది. ఆ సమయంలో టిఫిన్‌కు, బాత్రూమ్‌కు పోవద్దు. పెద్దవాళ్లకు వీల్‌చైర్ కావాలంటే లిస్టింగ్‌లోనే చెప్పి, కౌంటర్లో మళ్లీ గుర్తుచేయండి.

ముగ్గురు పోతే రెండే సీట్లున్నాయని చెప్పడం మామూలే. ఎవరు ముందు ఎక్కాలో ఇంట్లోనే అనుకొని రండి, గేటు దగ్గర చర్చకు రెండు నిమిషాలు కూడా ఇవ్వరు. అమ్మ ఒక్కతే ఎక్కే పరిస్థితి రాకుండా చూడండి. మందులు, ఫోన్, కొంత డబ్బు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. అన్నీ ఒకే బ్యాగులో పెడితే ఆగిపోయినవాళ్లకు బీపీ మాత్ర కూడా దొరకదు.

సీటు రాకపోతే

వెంటనే తర్వాతి విమానానికి పేరు మార్పించమని సిబ్బందిని అడగండి, పైలట్‌కు ఫోన్ చేసి లిస్టింగ్ కూడా మార్పించండి. అంతర్జాతీయ విమానమైతే ఇమిగ్రేషన్ ముద్ర అప్పటికే పడి ఉంటుంది. సిబ్బందే దగ్గరుండి వెనక్కి తీసుకొచ్చి ఆ ముద్ర రద్దు చేయిస్తారు, మీ అంతట మీరు బయటికి రావద్దు. డ్యూటీ ఫ్రీలో కొన్నవి తిరిగి ఇవ్వాల్సి ఉంటుంది, కాబట్టి సీటు తేలేదాకా అక్కడ కొనకండి.

హోటల్, భోజనం, పరిహారం అడగవద్దు. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నియమాల్లో బోర్డింగ్ నిరాకరణకు పరిహారం ఖాయమైన టికెట్ ఉన్నవాళ్లకే. విమాన ప్రయాణికుల పరిహారం గురించిన యూరప్ నియమం 261 కూడా జనానికి అందుబాటులో లేని తగ్గింపు టికెట్లను మినహాయించింది.

విదేశం నుంచి తిరుగు ప్రయాణం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. వీసా గడువు అయిపోయే రోజుకు స్టాండ్‌బై పెట్టుకోవద్దు, కనీసం వారం ముందు నుంచి ప్రయత్నం మొదలుపెట్టండి. మామూలు టికెట్ కొనేంత డబ్బు కార్డులో ఉంచుకోండి. మధ్యలో విమానం మారే దేశంలో రాత్రి ఆగిపోతే బయటికి వచ్చే వీసా ఉందా లేదా చూసుకోండి. అమెరికాలో అయితే విమానం మారడానికే వీసా కావాలి.

ఉద్యోగికి మచ్చ రాకుండా

మీరు చేసే ప్రతి పనికీ కంపెనీ పైలట్‌నే అడుగుతుంది. కౌంటర్లో గొంతు పెంచడం, పక్క సీటువాళ్లకు టికెట్ ధర చెప్పడం, బిజినెస్ క్లాస్ ఎందుకివ్వలేదని నిలదీయడం వల్ల సౌకర్యం కొన్నాళ్లు ఆపేసే అవకాశం ఉంది. బట్టలు శుభ్రంగా, ఒద్దికగా ఉండాలి. మేనమామ కొడుక్కో, వియ్యపువారికో తగ్గింపు టికెట్ అమ్మితే ఉద్యోగమే పోతుంది. చుట్టాలు అడిగితే ఈ మాట మొహమాటం లేకుండా చెప్పండి. కొడుకు నడిపే విమానమే అయినా కాక్‌పిట్‌లో కూర్చుంటామని అడగకండి. నియమాలు ఒప్పుకోవు, ఆయన లైసెన్సుకే ముప్పు. పైలట్ డ్యూటీ కోసం ప్రయాణికుడిగా వేరే ఊరికి పోయేటప్పుడు ఆయన సీటు కంపెనీ ఖాయం చేస్తుంది, మీరు వెంట పోవాలంటే మీది మళ్లీ స్టాండ్‌బైయే.

వాడని టికెట్లను చాలామంది వదిలేస్తారు. జెడ్ టికెట్‌కు గడువు మామూలుగా ఇచ్చిన రోజు నుంచి 90 రోజులు. విమానం ఎక్కకపోతే లిస్టింగ్ రద్దు చేసి, కొన్న పోర్టల్‌లోనే రీఫండ్ పెట్టండి. కొంత ఫీజు పట్టుకొని మిగతాది వెనక్కి ఇస్తారు.