తాళం ఎవరి చేతికి ఇస్తున్నారు? క్రిస్మస్ సెలవుల్లో జర్మనీ నుంచి కారులో బయల్దేరేవాళ్లకు జాగ్రత్తలు

నాలుగు వారాల కిందట, ఆదివారం అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగింది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్, సాల్జ్‌బర్గ్ చూసుకుని మ్యూనిక్‌కు తిరిగి వస్తున్న ఐదుగురు మన తెలుగు పిల్లలు. ఏ8 హైవే మీద ఇర్షెన్‌బెర్గ్ దగ్గర వానలో కారు జారి రోడ్డు పక్క రెయిలింగ్‌కు కొట్టుకుంది. ఒక అమ్మాయికి కాలర్ బోన్ విరిగింది. మిగతా నలుగురూ చిన్న చిన్న దెబ్బలతో బయటపడ్డారు.

కారు అద్దెకు తీసుకున్న అబ్బాయికి జర్మన్ లైసెన్స్ ఉంది. పొద్దుటి నుంచి అతనే నడిపాడు. రాత్రి పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు కళ్లు మూతలు పడుతున్నాయి. పక్కనున్న స్నేహితుడు "నువ్వు పడుకోరా, ఇంకో గంటన్నరేగా, నేను తీసుకెళ్తా" అన్నాడు. హైదరాబాద్‌లో ఆరేళ్లు కారు నడిపిన మనిషి. చేయి తిరిగినవాడే. కానీ జర్మనీ వచ్చి 14 నెలలైంది, జేబులో ఉన్నది ఇండియా లైసెన్స్ ఒక్కటే. రెంటల్ అగ్రిమెంట్‌లో అతని పేరు లేదు. నలభై నిమిషాల తర్వాత ప్రమాదం.

నడిపిన అబ్బాయి మీద లైసెన్స్ లేకుండా నడిపినందుకు పోలీసు కేసు. ఇక్కడ అది క్రిమినల్ నేరం. జరిమానా గానీ ఏడాది దాకా జైలు గానీ పడవచ్చు. రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపు ఫారంలో మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఆ గడిలో అతను ఇప్పుడు నిజం రాయాలి. కారు అద్దెకు తీసుకున్న అబ్బాయికి ఫుల్ ఇన్సూరెన్స్ వర్తించలేదు. బిల్లు మొత్తం అతని పేరు మీదికి వచ్చింది. స్టూడెంట్ వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి చూపించే 11,904 యూరోల కంటే అది ఎక్కువ. ఊళ్లో నాన్నకు ఇంకా చెప్పలేదట.

ఈ దేశంలో నేనుంటున్న పదకొండేళ్లలో ఇలాంటిది చూడటం ఇది మూడోసారి. మూడుసార్లూ కారణం స్పీడు కాదు, మంచు కాదు, తాగుడు కాదు. దారిలో డ్రైవర్ మారడం. అందుకే సీటు బెల్టు గురించీ ఇంజిన్ ఆయిల్ గురించీ ఇక్కడ రాయను, అవి మీకు తెలుసు. ఈ ఒక్క విషయం ముందు చదవండి.

లైసెన్స్, అగ్రిమెంట్

జర్మనీలో మీ నివాసం మొదలైన రోజు నుంచి ఇండియా లైసెన్స్ ఆరు నెలలే చెల్లుతుంది. ఇండియాలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ ఆ గడువును ఒక్క రోజు కూడా పెంచదు. అది మీ లైసెన్స్‌కు అనువాదం లాంటిదే, వేరే లైసెన్స్ కాదు. "నేను స్టూడెంట్‌ని కదా" అన్నా కుదరదు. ఏడాదికి మించి ఉండబోనని కాగితాలతో చూపించగలిగితే ముందే అడిగి 12 నెలల దాకా పొడిగించుకోవచ్చు. ఆ తర్వాత థియరీ పరీక్ష, డ్రైవింగ్ టెస్ట్ రెండూ పాసవ్వాల్సిందే. కొన్ని దేశాలవాళ్లకు పరీక్ష లేకుండా మార్చి ఇస్తారు, ఆ జాబితాలో ఇండియా లేదు. థియరీ ఇంగ్లిష్‌లో రాయవచ్చు, భయపడకండి.

లైసెన్స్ చెల్లినా సరిపోదు, అగ్రిమెంట్‌లో పేరు కూడా ఉండాలి. రెండో డ్రైవర్ పేరు చేర్చడానికి రోజుకు కొన్ని యూరోలు అడుగుతారు. మనవాళ్లు మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే. ఐదుగురు పంచుకుంటే తలా కాఫీ ఖర్చు. ఇద్దరి పేర్లు రాయించండి, ఇద్దరూ లైసెన్స్ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లండి. చెల్లే లైసెన్స్ ఉన్నది ఒక్కరికే అయితే ఆ ఒక్కరు ఎన్ని గంటలు నడపగలరో దాన్ని బట్టి ప్లాన్ వేసుకోండి. ఐదు రోజుల్లో మ్యూనిక్, వెనిస్, ఇంటర్‌లాకెన్, స్ట్రాస్‌బర్గ్ అన్నీ ఒకే డ్రైవర్‌తో చుట్టేద్దామని ప్లాన్ వేసినప్పుడే ఆ రాత్రి తాళం చేతులు మారుతుందని రాసిపెట్టుకోండి.

కార్ షేరింగ్ యాప్‌లోనూ ఇంతే. ఒకరి అకౌంట్‌తో తెరిచిన కారును ఇంకొకరు నడపకూడదు.

సొంత కారైతే మీ పాలసీలో ఎవరెవరు నడుపుతారని రాశారో చూసుకోండి. లైసెన్స్ చెల్లని మనిషికి తెలిసీ తాళం ఇస్తే కారు యజమానికీ శిక్ష పడుతుంది. ప్రమాదంలో అవతలివాళ్లకు నష్టపరిహారం మీ బీమా కంపెనీ ఇస్తుంది గానీ, తర్వాత మీ దగ్గర 5,000 యూరోల దాకా వసూలు చేయవచ్చు. మీ కారు రిపేరు వేరే.

సరిహద్దు దాటేముందు

అగ్రిమెంట్‌లో ఏ దేశాలకు అనుమతి ఉందో చదవండి. ఖరీదైన కార్లను ఇటలీకో తూర్పు యూరప్ దేశాలకో తీసుకెళ్లనివ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ వెళ్లేవాళ్లు ప్రత్యేకంగా చూసుకోండి. పాత తీర రోడ్డు నెయుమ్ దగ్గర కొన్ని కిలోమీటర్లు బోస్నియాలోంచి పోతుంది. బోస్నియా యూరోపియన్ యూనియన్‌లోనూ లేదు, షెంగెన్‌లోనూ లేదు. 2022లో తెరిచిన పెల్యెషాట్స్ వంతెన మీదుగా వెళితే క్రొయేషియాలోనే ఉంటారు.

పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ ఒరిజినల్స్ ఉండాలి. షెంగెన్‌లో చెకింగ్ ఉండదనుకోవద్దు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటి దగ్గరా తనిఖీలు మొదలుపెట్టింది. కార్డు రెన్యువల్‌లో ఉండి తాత్కాలిక కాగితం మాత్రమే ఉన్నవాళ్లు ఫారినర్స్ ఆఫీస్ నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకునేదాకా దేశం దాటకండి.

స్విట్జర్లాండ్ హైవేలకు 40 ఫ్రాంకుల విగ్నెట్ (టోల్ పాస్) కావాలి. ఒక ఏడాది విగ్నెట్ దాని ముందు ఏడాది డిసెంబరు 1 నుంచి తర్వాతి ఏడాది జనవరి 31 దాకా, మొత్తం 14 నెలలు చెల్లుతుంది. కాబట్టి డిసెంబరులో కొనేటప్పుడు కొత్త సంవత్సరంది కొనండి. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా. ఆస్ట్రియాకు వేరే విగ్నెట్. అది ఉన్నా ఇటలీకి వెళ్లే బ్రెన్నర్ దారిలో టోల్ విడిగా కట్టాలి.

శీతాకాలం టైర్లు కావాలని బుకింగ్‌లోనే అడగండి. టైరు మీద మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు గుర్తు కనపడాలి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అని మాత్రమే ఉన్న టైరు జర్మనీలో 2024 అక్టోబరు నుంచి చలికాలం టైరుగా చెల్లదు. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా మంచు పరిస్థితుల్లో ఈ టైర్లు తప్పనిసరి. ఇటలీ కొండదారుల్లో నవంబరు 15 నుంచి ఈ టైర్లు గానీ, కారులో చైన్లు గానీ ఉండాలి. గ్రోస్‌గ్లోక్నర్, స్టెల్వియో, ఫుర్కా కొండదారులను చలికాలంలో మూసేస్తారు, వేసవిలో తీసిన వీడియోలు చూసి ప్లాన్ వేయకండి.

దారిలో

ఇటలీ పాత ఊళ్ల మధ్యకు కారు పోనివ్వకండి. ఫ్లోరెన్స్, పీసా, రోమ్‌లలో అనుమతి లేని కార్లను జెడ్‌టీఎల్ (బయటి కార్లకు ప్రవేశం లేని ప్రాంతం) గేట్ల దగ్గర కెమెరాలు పట్టేస్తాయి. పొరపాటున రెండుసార్లు దాటితే రెండు జరిమానాలు. ఉత్తరం నెలల తర్వాత ఇంటికి వస్తుంది. ఊరి బయట పార్క్ చేసి ట్రామ్ ఎక్కండి.

ఆగి మళ్లీ బయల్దేరిన మొదటి మలుపులో జాగ్రత్త. ఇండియాలో ఎడమవైపు నడిపిన చేయి, బంకు నుంచి ఖాళీ రోడ్డు మీదికి రాగానే ఎడమకే పోతుంది. పక్కసీటులో ఉన్నవాళ్లు పైకి చెప్పండి: "కుడి, కుడి."

బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండిది ముందు హక్కు.

ట్రాఫిక్ నెమ్మదించగానే ఎడమ లేన్‌వాళ్లు ఎడమ అంచుకు, మిగతావాళ్లంతా కుడికి జరగాలి. మధ్యలో అంబులెన్స్‌కు దారి. సైరన్ వినపడ్డాక జరుగుదామని ఎదురుచూడకండి.

టన్నెల్‌లో ముందు బండికి దూరం పాటించండి. 1999లో మాంట్ బ్లాంక్ టన్నెల్‌లో లారీకి నిప్పంటుకుని 39 మంది చనిపోయారు. పొగ కనిపిస్తే బండి పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, తాళం అక్కడే వదిలి, ఎమర్జెన్సీ ఎగ్జిట్‌కు నడవండి. సామాన్ల కోసం వెనక్కి పోవద్దు.

స్విట్జర్లాండ్ హైవే మీద 120, ఆస్ట్రియాలో 130. ఆస్ట్రియాలోని టిరోల్‌లో ఐజీ-ఎల్ (గాలి కాలుష్య చట్టం) అని రాసిన 100 బోర్డు కనిపిస్తే 100 అంటే 100.

చెక్, స్లొవేకియా, హంగరీల్లో ఒక్క బీరు కూడా కుదరదు. జర్మన్ లైసెన్స్ వచ్చి రెండేళ్లు కాకపోతే జర్మనీలోనూ అంతే.

రిఫ్లెక్టివ్ జాకెట్లు డిక్కీలో కాదు, సీట్ల దగ్గర పెట్టుకోండి. ఎంతమంది ఉంటే అన్ని.

జర్మనీలో పన్నెండేళ్లలోపు, 150 సెంటీమీటర్లకన్నా పొట్టి పిల్లలకు చైల్డ్ సీటు. ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు.

శుక్రవారం డ్యూటీ దిగి రాత్రి పది గంటలకు బయల్దేరకండి.

నిద్ర వస్తే ఆపండి. సర్వీస్ ఏరియాలో పడుకోండి, లేదా దగ్గర్లో రూమ్ తీసుకోండి. మర్నాడు క్లాసు పోనివ్వండి, మీటింగ్ పోనివ్వండి. అగ్రిమెంట్‌లో పేరు లేని మనిషికి తాళం ఇవ్వకండి. లైసెన్స్ గడువు దాటిన మనిషికి ఇవ్వకండి. పది కిలోమీటర్లకైనా, హోటల్ పార్కింగ్‌లో కారు జరపడానికైనా ఇవ్వకండి.

ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయండి. మీకు రాని భాషలో రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. పోలీసులు వచ్చేలోపు సీట్లు మార్చుకుని "నేనే నడిపాను" అని స్నేహితుడి కోసం చెప్పకండి. బంకు దగ్గర కెమెరాలుంటాయి, సీటు ఎంత వెనక్కి జరిపి ఉందో చూస్తారు, బెల్టు గీసిన గీత ఏ భుజం మీద ఉందో డాక్టర్ రాస్తాడు. అబద్ధం బయటపడితే ఒకరి మీద ఉండాల్సిన కేసు ఇద్దరి మీద అవుతుంది. ఎవరు నడిపారో అదే చెప్పండి, మిగతా ప్రశ్నలకు లాయర్‌తో మాట్లాడి జవాబిస్తామనండి. అలా అనే హక్కు మీకుంది.