ఎడారి నడక – నాలుగో పాఠం: రాతి సందులోకి దిగే ముందు

పోయిన పాఠంలో నీళ్ళ లెక్క చూశాం. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, వాటితోపాటు ఉప్పు తగిలే తిండి. ఇంటిపనిగా ఇచ్చిన మూడు గంటల ఎండ నడక ఇంకా చెయ్యని వాళ్ళు అది పూర్తి చేసుకున్నాకే ఈ పాఠానికి రండి. ఒంటికి ఎండ అలవాటు కాకుండా ఇవాళ్టి చోటికి వెళ్ళడం మంచిది కాదు.

ఇవాళ మనం వెళ్ళేది అమెరికాలో, యూటా రాష్ట్రం దక్షిణాన ఉన్న ఎస్కలాంటే దగ్గరికి. ఎనిమిది వందల జనాభాకు అటూ ఇటూగా ఉండే చిన్న ఊరు. ఊరు దాటి తూర్పుగా కాస్త దూరం వెళ్తే పన్నెండో నంబరు హైవే నుంచి హోల్-ఇన్-ద-రాక్ రోడ్డు చీలుతుంది. 1879–80 చలికాలంలో మార్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబాలు కొలరాడో నది దాటడానికి బళ్ళు తోలుకుంటూ వేసుకున్న దారి అది. ఇప్పటికీ చాలావరకు మట్టి రోడ్డే. దాని మీద సుమారు 42 కిలోమీటర్లు వెళ్తే డ్రై ఫోర్క్ మలుపు వస్తుంది. అక్కడ ఒకదాని పక్కన ఒకటిగా డ్రై ఫోర్క్, పీకబూ, స్పూకీ అనే మూడు ఇరుకు లోయలు ఉన్నాయి. రాతి సందు అని నేను అంటున్నది వీటినే. స్పూకీ కొన్ని చోట్ల జానెడు వెడల్పు కంటే పెద్దగా ఎక్కువ ఉండదు. నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు. లాంగ్ వీకెండ్ వస్తే ఆ దారిలో ఈ మధ్య తెలుగు మాటలు కూడా బాగానే వినబడుతున్నాయి. అందుకే ఈ పాఠం కాస్త నెమ్మదిగా, వివరంగా చెప్తున్నాను.

ముందుగా వాన సంగతి. మన ఊళ్ళలో వాగు దాటిన పెద్దవాళ్ళందరికీ ఒక విషయం తెలుసు: ఎగువన వాన పడితే దిగువన వాగు వస్తుంది, మన నెత్తిన చినుకు పడక్కర్లేదు. ఎడారిలో ఇది పదింతలు నిజం. అక్కడ నేల చాలావరకు నున్నటి బండ, మిగతాది ఎండకు గట్టిపడ్డ మట్టి. పడ్డ నీరు ఇంకదు, పల్లానికి పరుగెడుతుంది. అన్ని వైపుల నుంచీ వచ్చిన నీటికి పల్లమంటే మీరు నిలబడ్డ ఆ సందే.

ఒక చిన్న లెక్క చేద్దాం. పది మీటర్ల వెడల్పున్న వాగులో పది సెంటీమీటర్ల లోతు నీరు పారుతోంది. చీలమండ తడుస్తుంది, అంతే. అదే నీరు అర మీటరు వెడల్పు సందులోకి దూరింది. వేగం మారకపోతే లోతు ఎంత కావాలి? రెండు మీటర్లు. నిజానికి సందులో వేగం కూడా పెరుగుతుంది కాబట్టి లోతు కొంత తగ్గవచ్చు. అందులో ఇరుక్కున్న మనిషికి మాత్రం ఆ తేడా పనికిరాదు. నీటితోపాటు రాళ్ళు, దుంగలు, బురద కూడా వస్తాయి.

1997 ఆగస్టు 12న ఆరిజోనాలో పేజ్ ఊరి దగ్గర యాంటిలోప్ కాన్యన్‌లో జరిగింది ఇదే. వాన పడింది ఎక్కడో ఎగువన. లోపల ఉన్న పదకొండు మంది పర్యాటకులు చనిపోయారు. ఆ రోజు సంగతి చదివినప్పుడల్లా, వాళ్ళలో ఎవరూ చేతకాని నడక చేసినవాళ్ళు కాదనిపిస్తుంది నాకు. వాళ్ళు నిలబడ్డ చోటి నుంచి ఆ మబ్బు కనబడే అవకాశమే లేదు.

డ్రై ఫోర్క్ విషయంలోనూ అంతే. రోడ్డుకు పడమటి వైపున గోడ కట్టినట్టు స్ట్రెయిట్ క్లిఫ్స్ కొండలు సాగుతాయి. డ్రై ఫోర్క్ వాగుకు నీరు అటునుంచి వస్తుంది. లోయలోకి దిగాక ఆ కొండలు మీకు కనబడవు, తల పైన నీలం రిబ్బను లాంటి ఆకాశం ముక్క తప్ప. కాబట్టి ఆకాశం చూసుకోవడం పైన, కారు దగ్గరే అయిపోవాలి. కారు దిగగానే పడమటికి తిరిగి పది నిమిషాలు నిలబడండి. మబ్బులు నిలువుగా పెరుగుతున్నాయా, అడుగు భాగం నల్లబడుతోందా చూడండి.

దానికన్నా ముందు, పొద్దున్నే ఊళ్ళో చెయ్యాల్సిన పని ఒకటుంది. అమెరికా వాతావరణ శాఖ సాల్ట్ లేక్ సిటీ కార్యాలయం ఈ లోయల కోసం ప్రత్యేకంగా మెరుపు వరద (ఫ్లాష్ ఫ్లడ్, అంటే ఉన్నట్టుండి విరుచుకుపడే వరద) అంచనా ఇస్తుంది. అందులో నాలుగు మెట్లు: వరద వచ్చే సూచన లేదు, రావచ్చు, వచ్చేలా ఉంది, వస్తుంది. మొదటి మెట్టు తప్ప ఇంకేది ఉన్నా సందులోకి దిగొద్దు. ‘రావచ్చు’ దగ్గరే అందరూ వాదన పెట్టుకుంటారు. ఒక ఆగస్టులో మా బృందం కూడా పెట్టుకుంది. రాత్రంతా కారు నడిపి వచ్చాం, సెలవు మళ్ళీ దొరకదు, ఎండ చూస్తే ఫెళ్ళున కాస్తోంది. చివరికి దిగకుండా ఊళ్ళోనే ఉండిపోయాం. సాయంత్రం నాలుగింటికి ఆ కొండల మీద వాన తెరలా వేలాడటం ఊళ్ళోంచే కనబడింది. మర్నాడు ఆ మట్టి రోడ్డు జిగురు బంకలా ఉంది, కారు చక్రాలకు ఇటుక మందాన బురద పట్టింది. తడిస్తే ఆ రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ కూడా నమ్మకం కాదు.

వానల కాలం జూలై నుంచి సెప్టెంబరు సగం దాకా. ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక. తెల్లవారుతూనే మొదలుపెట్టి పన్నెండు లోపు బయటపడాలి.

ఇక లోపలికి. గోడలు చదవడం నేర్చుకోండి. తల కన్నా ఎత్తున రెండు గోడల మధ్య ఇరుక్కున్న దుంగ, రాతి పగుల్లో చిక్కిన గడ్డి పోచలు కనబడితే, వరద అంత ఎత్తున పోయిందని అర్థం. అడుగున ఇసుక తడిగా, మెత్తగా ఉంటే వరద ఈ మధ్యే వచ్చింది.

పీకబూ ఎక్కి, పైనుంచి ఇసుకలో నడిచి, స్పూకీలోంచి దిగండి. స్పూకీలో బండలు అడ్డంపడ్డ చోటు ఒకటుంది, అక్కడ ఎక్కడం కన్నా దిగడం తేలిక. పీకబూ మొదట్లోనే మూడున్నర మీటర్లకు పైగా నిలువు గోడ, కాలు పెట్టడానికి గుంటలు ఉంటాయి. ఎక్కలేమనిపిస్తే డ్రై ఫోర్క్‌తో సరిపెట్టుకోండి, దాని అందం తక్కువేం కాదు. మళ్ళీ ఎక్కి రాలేని చోటు నుంచి జారి దిగొద్దు.

ఇరుకులో సంచీ భుజాన ఉండకూడదు. చేత్తో పక్కన పట్టుకోవాలి. అసలైన ఇరుకు రాకముందే తల ఎటు తిప్పాలో నిర్ణయించుకోండి, మధ్యలో తిప్పాలంటే గడ్డం రాతికి గీసుకుంటుంది. గాలి వదిలి ఒక అడుగు, ఆగి పీల్చుకుని ఇంకో అడుగు. భయం వేస్తే వెనక్కి రావడమే, వెనక ఉన్నవాళ్ళు మాట్లాడకుండా వెనక్కి జరగాలి. చెయ్యి పెట్టే ముందు గట్టు పైన చూడండి, గిలక పాములు (రాటిల్ స్నేక్స్, తోకతో చప్పుడు చేసే విషపు పాములు) చల్లదనానికి అక్కడ చేరతాయి.

ఉన్నట్టుండి గాలి విసిరినా, దూరంగా లారీ వస్తున్నట్టు శబ్దం వినబడినా, పారే నీరు రంగు మారినా సంచీ వదిలేసి పైకెక్కండి. నీటితో పందెం వేసి దిగువకు పరుగెత్తొద్దు.

ఇంటిపని: మీ ఊరి దగ్గరున్న ఏదైనా వాగును మ్యాపులో ఎగువకు వెతుక్కుంటూ పోయి, దానికి నీరు ఏ ఏ గుట్టల నుంచి వస్తుందో పెన్సిలుతో గీత గీయండి. వచ్చే పాఠంలో అదే గీతను డ్రై ఫోర్క్‌కు గీసి, బండ మీద దారి పట్టడం మొదలుపెడదాం.